సున్నం కొట్టిన బియ్యం గది

భిలాయి, క్యాంప్ 1
12 అక్టోబరు 2003

అమ్మాయి వెరోనికాకు,

నా చేతిరాత చూసి విసుక్కోకు. ఊరి బడిలో ఐదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. ఫోనులో చెబుదామంటే మిల్లు మోతకు నా చెవులు ఎప్పుడో పోయాయి. నువ్వు మద్రాసులో మాట్లాడుతుంటే నాకు ఇక్కడ గాలి వీచినట్టు వినిపిస్తుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

బంగారయ్య కొట్టుకు నువ్వు చేసిన ఫోను సంగతి అతను వచ్చి చెప్పాడు. అల్లుడు డేవిడ్‌రాజ్‌కు మూత్రం ఆగిపోయిందనీ, మిషను మీద రక్తం శుభ్రం చేస్తున్నారనీ, ఇప్పుడు కాస్త నయమనీ. మా ఏంజెలా కొట్టు దాకా వెళ్లి మళ్లీ అడిగి తెలుసుకుంది. కొట్టు మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. తరువాత లేచి అరకిలో ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికి వచ్చింది. వైద్యానికి అతన్ని అక్కడికి తీసుకొచ్చిన అతని అన్న పక్కనే ఉన్నాడు, నువ్వు అదే ఆసుపత్రిలో నర్సువు. అంతకన్నా ఏం కావాలి.

మీ డాక్టరు గారు అడిగినవి రాస్తున్నాను. జ్వరానికి ముందు అతను ఎక్కడెక్కడ తిరిగాడు అని కదా. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర లోడింగు పని. మురికి కాలవల్లో దిగలేదు. పొలానికి పోలేదు. కుక్క కరవలేదు. కుళాయి నీళ్లే తాగాడు. ఒక్కటి మాత్రం ఉంది. మన గుడి వెనక బియ్యం గది నీకు గుర్తుందా? ఆడవాళ్లు రోజూ వంటకు బియ్యం పోసేటప్పుడు దేవుని పేర ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి ఆ గదిలో సంచుల్లో పోస్తారు కదా. క్రిస్మసుకు విధవరాళ్లకు, లేనివాళ్లకు పంచుతాం. ఈ ఏడు ఎలుకలు సంచులు కొరికేశాయి. ఆగస్టు చివర్లో డేవిడ్‌రాజ్ ఒక్కడే రెండు రోజులు ఆ గదిలో సంచులు సర్ది, నేలంతా ఊడ్చాడు. పిండిమర నుంచి వచ్చినవాడిలా బయటికి వచ్చాడు. నేను గుమ్మం అవతల కూర్చుని చిరుగులు కుట్టాను. మూడు వారాలు పోయాక అతనికి జ్వరం, నడుము నొప్పి, కళ్లు ఎరుపు. తరువాత నీకు తెలిసిందే.

ఏంజెలాకు ఏడో నెల. నా దగ్గరే ఉంది. ఒక్కటే అడుగుతోంది. ఆయనకు వచ్చిందేమిటి, అది నాకు, కడుపులో బిడ్డకు వస్తుందా అని. ఏం చెప్పాలో నాకు తెలియదు. నువ్వు రాస్తే అది చెబుతాను.

మీ అమ్మ డైసీని అడిగానని చెప్పు.

నీ మేనమామ
కొర్నేలి


చెన్నై
19 అక్టోబరు 2003

మావయ్యకు వందనాలు.

మీ ఉత్తరం మా డాక్టరు గారికి చదివి వినిపించాను. ఆయన తమిళుడు, నేను ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెబుతూ పోయాను. బియ్యం గది దగ్గరికి రాగానే ఆయన రాస్తున్న కలం కింద పెట్టి, "మళ్లీ చదువు" అన్నారు. మీ చేతిరాతకు ఏ లోపమూ లేదు మావయ్యా. అందులో మాకు కావలసింది దొరికింది.

ముందు మేమంతా ఎలుక జ్వరం అనుకున్నాం. అది ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో నడిస్తే వచ్చేది. నా తమ్ముడి వరస డేవిడ్‌రాజ్ రక్తంలో అది లేదని తేలింది. ఇప్పుడు డాక్టరు గారికి హాంటా అనే వైరస్ మీద అనుమానం. పేరు కొత్తగా ఉంది కదా. కొరియా దేశంలో ఒక నది పేరు. యాభై ఏళ్ల కిందట అక్కడ యుద్ధంలో ఉన్న సిపాయిలు వేలమంది జ్వరం వచ్చి కిడ్నీలు చెడి పడిపోయారట. చాలా ఏళ్లకు ఆ నది వైపు పొలాల్లోని ఎలుకల్లో కారణం దొరికింది.

ఎలుక మూత్రంలో, పెంటలో, ఉమ్మిలో అది ఉంటుంది. ఎండిపోయి దుమ్ములో కలుస్తుంది. మూసి ఉన్న గదిలో ఆ దుమ్ము లేస్తే మనిషి ఊపిరితో లోపలికి పోతుంది. దీనికి విడిగా మందు లేదు. శరీరం తేరుకునే దాకా కిడ్నీ పని మిషను చేయాలి, అంతే. తమ్ముడికి అదే జరుగుతోంది. అయితే ఇది ఇంకా అనుమానమే. రక్తం పెద్ద ల్యాబుకు పంపారు.

ఏంజెలాకు చెప్పండి, మన ఆసియా వైపు దొరికే రకాలు మనిషి నుంచి మనిషికి రావు. దక్షిణ అమెరికాలో ఒక్క రకం మాత్రం అలా వస్తుందని పుస్తకాల్లో ఉంది. తను తమ్ముడికి సేవ చేసినా, ఎంగిలి తిన్నా భయం లేదు. తను ఆ గదిలోకి వెళ్లలేదు కాబట్టి నేను నిశ్చింతగానే ఉన్నాను.

ఇక్కడి నుంచి మీ జిల్లా ఆరోగ్య శాఖకు కబురు వెళ్లింది. దుర్గ్ నుంచి ఆఫీసర్లు వచ్చి ఆ గది చూస్తారు. ఎలుకలను కూడా పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తారు. గుడి సెక్రటరీ గురుమూర్తి గారికి ముందుగా చెప్పి ఉంచండి.

మీ మేనకోడలు
వెరోనికా


చెన్నై
26 అక్టోబరు 2003

మావయ్యకు,

ఇది చిన్న ఉత్తరం. పనిలో ఉండగా హఠాత్తుగా తట్టింది, ముఖ్యమైన మాట రాయడం మరిచిపోయానని. బంగారయ్య గారి కొట్టుకు నిన్న, ఇవాళ ఫోను చేశాను. దీపావళి కదా, ఎవరూ ఎత్తలేదు.

బియ్యం గదికి తాళం వేసి ఉంచండి. ఎవరూ లోపలికి పోవద్దు. చీపురు అసలు పట్టవద్దు. పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుంది, అదే ప్రమాదం. పైగా ఆఫీసర్లకు కావలసింది ఆ పెంట, ఆ గూళ్లు, ఆ ఎలుకలే. వాళ్లు చూశాక, వాళ్లు చెప్పినట్టు తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, బ్లీచింగు నీళ్లు చల్లి నానబెట్టి, అప్పుడు తడిగుడ్డతో తుడవాలి.

ఇది మీకు వెంటనే అందాలని ప్రార్థన చేస్తున్నాను.

వెరోనికా


భిలాయి, క్యాంప్ 1
27 అక్టోబరు 2003

అమ్మాయి వెరోనికాకు,

నీ పెద్ద ఉత్తరం శుక్రవారం అందింది. రెండుసార్లు చదివాను. ఏంజెలాకు చదివి వినిపించాను. మనిషి నుంచి మనిషికి రాదన్న చోట, "ఇంకోసారి చదువు నాన్నా" అంది. చదివాను. ఆ రోజు కడుపునిండా అన్నం తింది.

నిన్న ఆరాధన అయ్యాక గురుమూర్తికి చెప్పాను. పదిమందిలో మాట్లాడటం నాకు చేతకాదు కదా, పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. కానీ ఆఫీసర్లు అన్న మాట వినగానే అతను గుడి దద్దరిల్లేలా అరిచాడు. ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరైన గొంతు, నీకు తెలుసు.

"ఏటీ, దుర్గ్ నుంచి సాబ్‌లొస్తన్నారా? విజిట్టా? మరి కూకున్నారేటి? చూనా తెండి, గేరూ తెండి!"

నేను నెమ్మదిగా అన్నాను. "గది సూడ్డానికొస్తన్నారు గురుమూర్తీ. ఎలగుందో అలగే సూపిద్దుమా?"

"సూపిస్తావు! ఎలకల పెంట సూపిస్తావు! ఆంధ్రావోళ్ల గుడి ఇలగుంటాదని రాసుకుపోతారు. ప్లాంటులో జీఎం సాబొస్తే నువ్వు సున్నం కొట్టలేదేటి?"

నిజమే, కొట్టాను. రాళ్లకు, చెట్ల మొదళ్లకు కూడా కొట్టాను. వెళ్లి నేనూ చీపురు తెచ్చాను.

అమ్మాయీ, సాయంత్రానికి ఆ గదిని నువ్వు చూస్తే పోల్చుకోలేవు. మగవాళ్లు సంచులు బయటికి మోశారు. గూళ్లు లాగి కాల్చారు. ఎలుకలు పాత కీర్తనల పుస్తకం చింపి గూడు కట్టుకున్నాయి, కాగితం ముక్క మీద ఇంకా అక్షరాలు ఉన్నాయి. కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము పొగలా తిరిగింది. అందరం తుమ్ముకుంటూ నవ్వుకున్నాం. నువ్వు రాసింది మూసి ఉన్న గది సంగతి కదా, మేం తలుపు, కిటికీ తెరిచే పెట్టాం. దేవుని బియ్యం పారేయకూడదని ఆడవాళ్లు ఆ గదిలోనే చేటలు పట్టుకుని చెరిగారు. ఏంజెలా టీ పట్టుకుని వచ్చింది. కూకోయే అంటే వినలేదు. "అందరూ పన్జేస్తంటే నాను కూకుంతానేటి నాన్నా" అని మూల అంతా తనే ఊడ్చింది.

ఇప్పుడు గోడలు తెల్లగా, అంచులు గేరూమట్టితో ఎర్రగా ఉన్నాయి. తలుపు మీద గురుమూర్తి హిందీలో సుస్వాగతం అని రాయించాడు. ఎలుక తోక కూడా కనబడదు. ఎల్లుండి వస్తారట.

నాకు కొన్ని సంగతులు అర్థం కాలేదు. ఎలుక తన ఒంట్లో ఆ వైరస్ పెట్టుకుని తను జబ్బు పడదా? పడకపోతే ఎందుకు పడదు? ఇంట్లో తిరిగే చిన్న ఎలుకదా, పందికొక్కుదా, కంపు కొట్టే చుంచుదా? ఇంకొకటి. ఆ కొరియా నది ఒడ్డున ఉండేవాళ్లకు కోపం రాదా, తమ నది పేరు జబ్బుకు పెట్టినందుకు? తీరిక ఉంటేనే రాయి.

నీ మేనమామ
కొర్నేలి


చెన్నై
2 నవంబరు 2003

మావయ్యకు,

మీ ఉత్తరం అందింది. నేను రెండోసారి రాసింది అందే లోపే మీరంతా ఊడ్చేశారు. మిమ్మల్ని అనను. తప్పు నాది. నేను భిలాయిలో పుట్టిపెరిగినదాన్ని. సాబ్‌లు వస్తున్నారంటే మనవాళ్లు ఏం చేస్తారో నాకు తెలియాలి. చిన్నప్పుడు స్కూలుకు ఎవరో వస్తున్నారని మా చేత గులకరాళ్లకు కూడా రంగు వేయించారు. అది మరిచిపోయి, ఆఫీసర్లు వస్తారని మాత్రం రాశాను.

ఏంజెలా ఊడ్చిందన్న మాట మూడుసార్లు చదివాను. మావయ్యా, భయపెట్టడానికి రాయడం లేదు. ఆ ఎలుకల్లో వైరస్ ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఉన్నా, దుమ్ము పీల్చిన అందరికీ జబ్బు రాదు. కానీ వస్తే రెండు మూడు వారాల నుంచి ఆరేడు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. అందాకా ఏంజెలాను కనిపెట్టుకుని ఉండండి. జ్వరం, నడుము నొప్పి, ఒళ్లంతా నొప్పులు, మూత్రం తగ్గడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా మామూలు జ్వరమని మాత్రలు వేసి ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎలుకల గది ఊడ్చిందని ముందే చెప్పండి. ఆ ఒక్క మాట లేకే తమ్ముడి విషయంలో ఇన్ని రోజులు పోయాయి. గదిలో పనిచేసిన మిగతావాళ్లకూ ఇదే చెప్పండి. మీరు కూడా ఆ గదిలో ఉన్నారు, మీ సంగతి రాయడమే మానేశారు.

ఆఫీసర్లు వచ్చి ఉంటే ఏమన్నారో అంతా రాయండి. మీ ప్రశ్నలు డాక్టరు గారికి చెప్పాను. నవ్వి, మీకు నమస్కారం చెప్పమన్నారు. ఎలుకా ఆ వైరసూ ఎన్నో తరాలుగా కలిసి బతుకుతున్నాయట. అందుకే అది ఎలుక ఒంట్లో గొడవ చేయకుండా అద్దెకున్నట్టు ఉంటుంది. మన ఒళ్లు దానికి కొత్త. మన ఒళ్లే కంగారుపడి రక్తనాళాలను పాడుచేసుకుంటుందని ఆయన చెప్పారు. ఏ జాతి ఎలుకలో ఏ రకం ఉంటుందో మన దేశంలో ఇంకా సరిగ్గా తెలియదట. చుంచుల్లో కూడా ఒక రకం దొరికింది, కానీ దానివల్ల మనుషులకు జబ్బు వస్తుందో లేదో తెలియదన్నారు.

నది సంగతి నాకూ తెలియదు.

వెరోనికా


భిలాయి, క్యాంప్ 1
14 నవంబరు 2003

అమ్మాయి వెరోనికాకు,

ఊడవవద్దన్న నీ చిన్న ఉత్తరం ఆఫీసర్లు వచ్చి వెళ్లిన మర్నాడు అందింది. పెద్దది తరువాత వచ్చింది. నా ఒంట్లో బాగుంది. ఎవరికీ జ్వరం లేదు. ఏంజెలా బాగుంది, నాతో మాట్లాడటం మాత్రం తగ్గించింది. ఎందుకో చివర రాస్తాను.

ఆఫీసర్లు ఇద్దరు వచ్చారు. డాక్టరు హేమశ్రీ అని చిన్నపిల్ల. దుర్గ్‌లో బట్టల కొట్టు ఉన్న మనవాళ్ల అమ్మాయే, కానీ అక్కడే పుట్టింది కాబట్టి తెలుగు ముక్కలుగా వస్తుంది. ఆమెతో మలేరియా ఇన్‌స్పెక్టరు బలరాం, బోనులు మోసుకుని వచ్చాడు. గురుమూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురెళ్లి తలుపు తెరిచాడు. ఆ అమ్మాయి గోడలు చూసింది, నేల చూసింది.

"వాహ్, చాలా సుందర్‌గా ఉంది. ఎలుకలు ఎక్కడ దాదాజీ?"

"ఏక్ భీ నహీ మేడమ్‌జీ!" అన్నాడు గురుమూర్తి, ఒక్కటీ లేదని ఛాతీ విరిచి.

ఆమె గుమ్మం మీద కూర్చుని తల పట్టుకుంది. బలరాం పొట్ట పట్టుకుని నవ్వాడు. "మేము ఎలుకల కోసం వస్తే మీరు సున్నం చూపిస్తున్నారేంటి భయ్యా" అని హిందీలో అన్నాడు. అతను ఎందుకు నవ్వుతున్నాడో గురుమూర్తికి అర్థం కాలేదు. నాకు అప్పటికి కొంచెం అర్థమైంది, ఊడ్చి తప్పు చేశామని.

తరువాత ఆ అమ్మాయి కోప్పడలేదు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. ఎవరు ఊడ్చారు, ఎవరు చెరిగారు, ఎవరు గుమ్మం దగ్గరే ఉన్నారు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నారా అని. చేటతో చెరగడం ఆమెకు తెలియదు. నేను చేటలో ఆ బియ్యం పోసి చూపించబోతే "నహీ నహీ, ఉత్త చేట చాలు!" అని వెనక్కి దూకింది. అందరి రక్తం కొంచెం కొంచెం తీసుకున్నారు. ఇప్పుడు జబ్బు ఉందని కాదట. రేపు ఎవరికైనా జ్వరం వస్తే అప్పటి రక్తాన్ని దీనితో పోల్చి చూడటానికట. ఎంత ముందుచూపు! కొలిమి వెలిగించేముందు కొలతలు తీసుకున్నట్టు ఉంది.

మిగిలిన బియ్యం ఎవరూ తినవద్దన్నారు. గుంట తీసి పూడ్పించారు. ఆడవాళ్లు ఏడ్చారు. గురుమూర్తి ప్రార్థన చేశాడు, శవానికి చేసినట్టు. ఆ అమ్మాయి కూడా తల వంచుకుని నిలబడింది.

బలరాం బోనుల్లో సుపేలా బజారు నుంచి తెచ్చిన ఉల్లి భజియా పెట్టాడు. రొట్టె పెట్టవచ్చు కదా అంటే, "దాదా, రొట్టె వాటికి ఇంట్లోనే దొరుకుతుంది. బజారు తిండి అంటే వాటికీ ఆశే" అన్నాడు. రెండు రాత్రులు పెడితే ఒక చుంచు పడింది. ఎలుకలు ఆ గది వదిలేశాయి. కానీ అతను పైకి టార్చి వేసి చూశాడు. గది మీద అటక ఉంది కదా, క్రిస్మసు నక్షత్రాల చట్రాలు పెట్టేది. దాన్ని మేం ఊడవలేదు. నిచ్చెన ఎక్కే ఓపిక ఎవరికీ లేక. అక్కడ పెంట, గూళ్లు అన్నీ ఉన్నాయి. ముసుగులు, చేతి తొడుగులు వేసుకున్న టీము రాయ్‌పూర్ నుంచి వస్తుందనీ, అంతవరకు అటక ముట్టవద్దనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇక ఏంజెలా సంగతి. నువ్వు కనిపెట్టుకుని ఉండమన్నావు. నీ ఉత్తరం అందినప్పటి నుంచి ఆమెను ఇల్లు కదలనివ్వలేదు. గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని నేనే కూర్చున్నాను. ఎవరైనా వస్తే తరువాత రండి అంటున్నాను. కుళాయికి కూడా నేనే పోతున్నాను. ఇప్పుడు నేను పోతే ఆడవాళ్లు బిందెలు పక్కకు లాగేసుకుంటున్నారు. అంటుజబ్బట అని వాడంతా పాకింది. నాకు అడగడానికి నోరు రాదు. ఏంజెలా నిన్న అంది, "నన్నిలగ దాసేస్తే అంటుజబ్బనుకోక ఏటనుకుంతారు నాన్నా?"

నేను తప్పు చేశానా? తొందరగా రాయి.

నీ మేనమామ
కొర్నేలి


చెన్నై
20 నవంబరు 2003

మావయ్యకు,

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. మంచం అడ్డం వేసుకున్నారన్న చోట, "మా అన్నయ్యకు ఒక మాట చెబితే పది మాటలంత చేస్తాడు" అని నవ్వి, తరువాత కళ్లు తుడుచుకుంది.

కనిపెట్టుకోవడమంటే ఒంటి వేడి చూడటం మావయ్యా. పొద్దున, సాయంత్రం థర్మామీటరు పెట్టండి, అంతే. మంచం తీసేయండి. ఏంజెలాను మీరే వెంటబెట్టుకుని కుళాయికి తీసుకెళ్లండి. ఆ ఆడవాళ్ల ముందే తను పట్టిన బిందెలోంచి నీళ్లు ముంచుకుని మీరు తాగండి. మీరు ఏమీ మాట్లాడనక్కరలేదు.

తమ్ముడి గురించి మంచి మాట. మిషను ఆపేశారు. ఇప్పుడు మూత్రం బకెట్లకు బకెట్లు పోస్తోంది. నర్సులం కొలవలేక చస్తున్నాం. కిడ్నీలు తేరుకునేటప్పుడు అలాగే ఉంటుంది. ఈ వారంలో ఇంటికి పంపిస్తారు. బాగా చిక్కిపోయాడు, చూసి కంగారుపడవద్దని ఏంజెలాకు ముందే చెప్పండి.

ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. హాంటా ఔనని చెప్పలేం, కాదని చెప్పలేం అన్నారు. ఆ కుటుంబంలోదే మరో రకమైతే ఈ పరీక్షకు సరిగా అందకపోవచ్చట. రెండోసారి తీసిన రక్తం పంపారు. డాక్టరు గారు అన్నారు, "ఆ గది ఎలుకల్లో ఏముందో తెలిస్తే సగం తెలిసినట్టే." అందుకని అటక విషయంలో గట్టిగా ఉండండి. మీకు గట్టిగా ఉండటం అలవాటు లేదని నాకు తెలుసు.

వెరోనికా


భిలాయి, క్యాంప్ 1
15 డిసెంబరు 2003

అమ్మాయి వెరోనికాకు,

ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. రాయడానికి చాలా ఉంది, నా చెయ్యి నెమ్మది.

డేవిడ్‌రాజ్ క్షేమంగా చేరాడు. దుర్గ్ స్టేషనులో దిగితే నేను అతన్ని దాటి ముందుకు పోయాను, పోల్చుకోలేక. ఏంజెలా మాత్రం దూరం నుంచే చూసింది.

మంచం తీసేశాను. నువ్వు చెప్పినట్టే కుళాయికి తీసుకెళ్లాను. తను బిందె పట్టింది, నేను దోసిలి పట్టి తాగాను. ఆ రోజు కూడా ఆడవాళ్లు బిందెలు పక్కకు లాగుకున్నారు. రెండో రోజు మళ్లీ వెళ్లాం. అప్పుడు ఎదురింటి కనకమహాలక్ష్మి, "ఏటి మావా, మీ ఇంట్ల గలాసుల్లేవేటి? రోజూ ఇక్కడే తాగుతన్నావు" అంది. అందరూ నవ్వారు. ఆమె ఏంజెలా బిందె అందుకుని నెత్తిన పెట్టుకుని మా ఇంటి దాకా తెచ్చింది. అక్కడితో ఆ సంగతి అయిపోయింది.

డిసెంబరు మొదటి వారంలో ఏంజెలాకు జ్వరం వచ్చింది. వణుకు, నడుము నొప్పి. నువ్వు రాసిన గడువు ఇంకా దాటలేదు. డేవిడ్‌రాజ్ వీధిలోకి పోయి ఆటో పిలిచాడు. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. నేను ఎప్పుడూ కౌంటరు దగ్గర వెనకే నిలబడతాను, నీకు తెలుసు. ఆ రోజు వరస దాటి ముందుకు పోయి, "ఎలకల గది ఊడ్చింది, తొమ్మిదో నెల, మూత్రం చూడండి" అని హిందీలో చెప్పాను. నా హిందీ వాళ్లకు అర్థమైంది. హేమశ్రీ డాక్టరమ్మకు ఫోను చేశారు. ఆమె బలరాంను వెంటబెట్టుకుని వచ్చింది. మొదటిసారి తీసిన రక్తం సంగతి ఆమే వాళ్లకు చెప్పింది.

వేలి నుంచి ఒక చుక్క తీసి బలరాం తనే లోపలికి పట్టుకుపోయాడు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. డేవిడ్‌రాజ్ అన్నాడు, "మావయ్యా, ఆ గది నేనే ఊడిస్తే చాలదా, ఆమె కూడా ఊడవాలా?"

బలరాం పరుగున వచ్చాడు, పళ్లన్నీ కనిపిస్తున్నాయి. "మలేరియా హై దాదా, మలేరియా! యే తో మేరా డిపార్ట్‌మెంట్ హై!"

మలేరియాకు ఇంత సంతోషించిన ఇల్లు భిలాయిలో ఇంకొకటి ఉండదు. కడుపుతో ఉన్నవాళ్లకు అదీ తేలిక కాదని డాక్టరమ్మ కోప్పడింది, ఆసుపత్రిలో పెట్టి మందులిచ్చింది. మూత్రం బాగానే వస్తోంది, కిడ్నీలు బాగున్నాయి. బిడ్డ గుండె కొట్టుకోవడం యంత్రంలో మాకు వినిపించారు. నా చెవులకు కూడా వినిపించింది. డేవిడ్‌రాజ్ వెళ్లి పేడా మిఠాయిలు తెచ్చి వార్డంతా పంచాడు. దేనికని అడిగినవాళ్లకు మలేరియా వచ్చిందని చెప్పాడు. వాళ్లు మా వైపు అదోలా చూశారు.

ఇప్పుడు ఇంటికి వచ్చింది. జ్వరం లేదు. నువ్వు రాసిన వారాలు కూడా దాటాయి. గది ఊడ్చినవాళ్లలో ఎవరికీ ఏమీ రాలేదు.

ఇక అటక. నిన్న ఆదివారం గురుమూర్తి మనుషులను తీసుకుని సున్నం బకెట్లతో వచ్చాడు. క్రిస్మసుకు నక్షత్రాలు దించాలి, అటక దులపాలి అని. రాయ్‌పూర్ టీము ఇంకా రాలేదు. నేను వెళ్లి నిచ్చెన మొదట స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"లెగు కొర్నేలీ. అందరూ బాగున్నారు గదా, ఇంకేటి?"

"లెగను."

"అల్లుడొచ్చేసేడు. కూతురు బాగుంది. మరింకెందుకు?"

"అల్లుడికొచ్చిందేటో తెలీదు గదా."

"తెలుసుకుని ఏటి సేస్తావు?"

"తెలుసుకుంతాను" అన్నాను.

అతను చేతిలోని బకెట్టు కింద పెట్టాడు. ప్లాంటులో అతని కింద నేను అన్నేళ్లు పనిచేశాను, ఒక్కసారీ కాదనలేదు. తరువాత మనుషులకు చెప్పాడు, "పోనీరా, ఈ ఏడు నచ్చత్రాలు కొత్తవి కొందుం." సున్నం గుడి ముందు గోడకు మాత్రం కొట్టించాడు. నేను వెళ్లిపోయాక మళ్లీ మనసు మారుతుందేమోనని నిచ్చెన భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేశాను. అది మా ఇంట్లో పట్టదు. సగం వీధిలో ఉంది. ఏంజెలా చూసి మొదటిసారి కడుపు పట్టుకుని నవ్వింది. టీము ఈ గురువారం వస్తుందని బలరాం కబురు పెట్టాడు. అందాకా వీధిలో జనం దాన్ని దాటుకుంటూ పోతారు.

నాకు ఇప్పుడు భయం లేదు, కానీ నిద్రపట్టడం లేదు. ఆ ఎలుకల్లో ఏముందో, నా అల్లుణ్ణి అంత దూరం తీసుకుపోయినదేమిటో తెలుసుకోవాలని ఉంది. డేవిడ్‌రాజ్ రెండో రక్తం ఫలితం వచ్చిందా? ఔనంటే ఔనని రాయి, కాదంటే కాదని రాయి. మళ్లీ రెండూ కాదంటే అదే రాయి. ఏదైనా సరే, తొందరగా జవాబు రాయి.

నీ మేనమామ
కొర్నేలి